గన్నేరు పువ్వు, గన్నేరు విషం: ఒక నవల రెండో భాగం చదివాక

మా జడ్చర్ల మీదుగా పోయే పెద్ద రోడ్డు మధ్యలో గన్నేరు చెట్లు కనబడతాయి. మేకలు వాటిని ముట్టవు. నీళ్లు తక్కువైనా బతుకుతాయి. పువ్వు దేవుడి పటానికి పనికొస్తుంది, కానీ చెట్టంతా విషమే. ఆ చెట్టు పేరు పెట్టుకున్న ఒక ఇంగ్లీషు నవలను మేం మొన్న ఎండాకాలం సెలవుల్లో చదివాం. పేరు 'ది ఓలియాండర్ స్వోర్డ్', అంటే గన్నేరు కత్తి. రాసింది తాషా సూరి. ఆమె ఇంగ్లండులో పుట్టి పెరిగిన భారతీయ మూలాల రచయిత్రి. మూడు భాగాల కథలో ఇది రెండోది, 2022లో వచ్చింది. మొదటిది 'ద జాస్మిన్ థ్రోన్' 2021లో, మూడోది 'ద లోటస్ ఎంపైర్' 2024లో వచ్చాయి. మొదటి భాగానికి 2022లో వరల్డ్ ఫాంటసీ అవార్డు దక్కింది.

ఇది ఇద్దరు ఆడవాళ్ల ప్రేమకథ. మంత్రాలు, యక్షులు, యుద్ధాలు ఉన్న కథ. 'ఇలాంటిది మన పుస్తకంలో ఎందుకు సారూ?' అని కొందరు అడుగుతారని మాకు తెలుసు. అందుకే ముందు కథ చెప్తాం, తర్వాత ఎందుకో చెప్తాం.

అహిరణ్య అనేది ఒక అడవి దేశం. పారిజాతద్వీపం అనే సామ్రాజ్యం దాన్ని లొంగదీసుకుంది. అక్కడి గుడి పెద్దలను, గుడిలో పెరిగే పిల్లలను మంటల్లో చంపారు. బతికి బయటపడిన కొద్దిమందిలో ప్రియ ఒకతి. ఆమె తన శక్తిని, పుట్టుకను దాచుకుని దొరల ఇంట్లో పనిమనిషిగా బతుకుతుంటుంది. మాలిని ఆ సామ్రాజ్యపు రాజకుమారి. అన్న చంద్ర ఆమెను చితిమీద కాలి 'పవిత్రం' కమ్మంటాడు. ఆమె కాదంటుంది. ఆ పాడుబడ్డ గుడిలోనే ఆమెను బందీ చేస్తారు. అక్కడ ఈ ఇద్దరూ కలుస్తారు. ఇది మొదటి భాగం.

రెండో భాగం మొదలయ్యేసరికి ఇద్దరి స్థానాలూ మారిపోయాయి. మాలిని చక్రవర్తిని, అన్న మీదికి సైన్యంతో బయలుదేరింది. ప్రియ తన దేశానికి పెద్ద, మొక్కలను కదిలించగల మనిషి. మాలినికి ఆ శక్తి యుద్ధంలో కావాలి. ప్రియకు తన దేశం విడుదల కావాలి. ఇద్దరికీ ఒకరికొకరు కూడా కావాలి. కథంతా ఈ మూడు అవసరాల మధ్య నడుస్తుంది.

మామూలుగా రెండో భాగం అంటే మాకు భయం. సినిమా అయినా నవల అయినా మొదటిదాన్నే సాగదీస్తారు. ఈ రచయిత్రి ఆ పని చేయలేదు. మొదటి భాగంలో ప్రేమ పుట్టడానికి ఒక బందిఖానా సరిపోయింది. ఇద్దరూ బలహీనులు కాబట్టి ఒకరికొకరు తోడయ్యారు. రెండో భాగంలో ఇద్దరికీ బలం వచ్చింది. బలం వచ్చాక ప్రేమ నిలుస్తుందా? ఇది పెద్ద ప్రశ్న, మొదటి భాగంలో దీనికి చోటే లేదు. చదువుతున్నంతసేపూ మాకు ఇష్టమైంది ఇదే. గుడారంలో ఇద్దరూ నవ్వుకుంటున్నప్పుడు కూడా బయట సైన్యం ఉందని మరిచిపోం. మాలిని దర్బారులో మాట్లాడే మాట వేరు, ప్రియతో మాట్లాడే మాట వేరు. రెండూ ఆమెవే, రెండూ నిజమే.

ఇక్కడ మాకు మన చెంచులక్ష్మి గుర్తుకొచ్చింది. 1958 సినిమా చాలామంది చూసే ఉంటారు. మా పెద్దలు చెప్పే తీరులో నరసింహుడు అడవికి వస్తాడు, పిల్లను అడుగుతాడు. పిల్ల ఊరికే ఒప్పుకోదు. తేనె తియ్యి, గడ్డలు తవ్వు, మా బతుకు నీకు చేతనవునో కాదో చూపించు అంటుంది. దేవుడే అడవి దగ్గర పాఠం నేర్చుకుంటాడు. ఇప్పటికీ అహోబిలంలో సంక్రాంతి తర్వాత నలభై రోజులకు పైగా పారువేట పేరుతో స్వామి ఊళ్లు తిరుగుతాడు, తన పెళ్లికి రమ్మని పిలుస్తాడు. చెంచులు ఆయనను అల్లుడంటారు.

ఈ నవలలో నడక తలకిందులైంది. అడవి పిల్లే అడవి విడిచి సైన్యం వెంట పోతుంది. తన చేతి మొక్కలు, తన విద్య పరాయి యుద్ధంలో ఖర్చవుతాయి. మాలిని ప్రేమ అబద్ధం కాదు. కానీ ఎవరు ఎవరి దగ్గరికి నడిచారు అని మాత్రం మనం అడగాలి. రచయిత్రికి ఈ సంగతి తెలుసు. అందుకే చివరి అధ్యాయాల్లో ప్రియ చేతి కత్తి ఎవరిని గాయపరుస్తుందో చదివినప్పుడు మనసు బాధపడుతుంది గానీ మోసపోయాం అనిపించదు. ఆ గాయానికి దారి మొదటి పేజీల నుంచే పడింది.

మన దగ్గర దేవుడే అల్లుడయ్యాడు. అయినా అడవి మీద మన హక్కును కాగితం మీద చూడడానికి 2006 అటవీ హక్కుల చట్టం దాకా ఆగాల్సి వచ్చింది. ప్రేమ, చుట్టరికం ఒక లెక్క, హక్కు ఇంకో లెక్క. ఈ తేడాను ఇంత బాగా చెప్పిన ప్రేమకథను మేం ఎక్కువగా చూడలేదు.

నచ్చనివీ ఉన్నాయి. కథ చెప్పే మనుషులు చాలామంది. ఒక్కో అధ్యాయం ఒక్కొక్కరి వైపు నుంచి నడుస్తుంది. సామంతుల పేర్లు, వాళ్ల సభలు మధ్యలో విసుగు పుట్టించాయి. మేం ఒక కాగితం మీద పేర్లు రాసుకుని చదివాం. అంతకంటే పెద్ద అభ్యంతరం ఒకటి ఉంది. ఈ కథలో అడవి దేవతలు, అంటే యక్షులు, తిరిగి వస్తారు. చనిపోయిన మనుషుల ముఖాలతో వస్తారు. తమను కొలిచిన వాళ్లనే మింగజూస్తారు. భయం పుట్టించడానికి ఇది పనికొచ్చింది, నిజమే. కానీ నల్లమలలో సలేశ్వరం లోయ దిగి లింగమయ్యకు మొక్కే మనకు అడవి దేవుడంటే పిల్లలను మింగేవాడు కాదు. దాహానికి నీళ్లు చూపేవాడు. అడవి మనిషి నమ్మకాన్ని చివరికి ప్రమాదంగా చూపడం బయటివాళ్ల కథల్లో పాత అలవాటు. సామ్రాజ్యం మీద ఇంత కోపంగా రాసిన రచయిత్రి కూడా దాని నుంచి పూర్తిగా తప్పించుకోలేకపోయింది అని మా అభిప్రాయం.

ఇప్పుడు ఈ పుస్తకం మన యువతకు ఎందుకో చెప్తాం. ఈ కథలో ఆడవాళ్లు ఆడవాళ్లను, మగవాళ్లు మగవాళ్లను ప్రేమించడం అహిరణ్యలో పాతకాలం నుంచీ తప్పు కాదు. తప్పన్నది సామ్రాజ్యం వచ్చాకే. ఇది కల్పన అని తోసెయ్యకండి. బ్రిటిష్‌వాళ్లు 1871లో నేరస్థ తెగల చట్టం చేశారు. మన పిల్లలకు ఆ చట్టంలో తెగల సంగతే చెప్తాం. తర్వాత ఆ చట్టమే మద్రాసు వైపు మన ఎరుకలవాళ్ల మీద దొంగలన్న ముద్ర వేసిందని చెప్తాం. కానీ 1871 చట్టంలో రెండో భాగం ఒకటి ఉండేది. అది హిజ్రాల పేర్లు పోలీసు రిజిస్టరులో ఎక్కించడానికి రాసింది. పుట్టుకతోనే నేరస్థులన్న తెగలనూ, నడక తీరు వల్ల నేరస్థులైన హిజ్రాలనూ ఒకే చట్టంలో కట్టిపడేశారు.

మన పాలమూరు నిజాం రాజ్యంలో ఉండేది. అక్కడ కూడా 1919లో, ఫసలీ 1329లో, అలాంటి చట్టమే వచ్చింది. మగవాడు ఆడబట్టలు కట్టి వీధిలో ఆడినా పాడినా వారంటు లేకుండా పట్టుకోవచ్చు అన్నది అందులో ఉంది. ఆ చట్టాన్ని తెలంగాణ హైకోర్టు కొట్టేసింది 2023 జులైలో. అంటే నిన్నమొన్న. అంతకుముందు 2014లో సుప్రీంకోర్టు ట్రాన్స్‌జెండర్ల గుర్తింపును ఒప్పుకుంది. 2018 సెప్టెంబరు 6న పెద్దవాళ్లు ఇష్టపడి చేసుకునే స్వలింగ ప్రేమ నేరం కాదంది. 2023 అక్టోబరులో పెళ్లి హక్కు మాత్రం ఇవ్వలేనంది. మన మీద ముద్ర వేసిన చేతులే వాళ్ల మీదా వేశాయి. అది తెలిశాక వాళ్లను చూసి నవ్వడం మనకు తగదు.

ఇది రాసే అర్హత మాకు పూర్తిగా లేదు. కొన్నేళ్ల కిందట మేం పనిచేసిన ఒక హాస్టలులో ఇద్దరు పదో తరగతి పిల్లల లెక్కల నోటుబుక్కులో ఒక చీటీ దొరికింది. ఒక ఆడపిల్ల ఇంకో ఆడపిల్లకు రాసింది. తిట్టు లేదు, బూతు లేదు, 'నువ్వు లేకుంటే నాకు అన్నం పోతలేదు' అన్నట్టు రెండు మాటలు. మేం దాన్ని స్టాఫ్‌రూములో గట్టిగా చదివాం. నవ్వాం. గదులు మార్చాం, తల్లిని పిలిపించాం. చీటీ రాసిన పిల్ల సంక్రాంతి సెలవులకు పోయి మళ్లీ రాలేదు. చదువులో ముందుండే పిల్ల. ఆ ఇంట్లో మొదటిసారి పదో తరగతి దాకా వచ్చిన పిల్ల. ప్రియ, మాలిని ఒకరినొకరు తలుచుకునే పేజీలు చదువుతుంటే మాకు ఆ చీటీ గుర్తొచ్చింది. పుస్తకం మూసి కాసేపు బయట కూర్చున్నాం.

తోటి ఉపాధ్యాయులకు ఒక మాట. యుద్ధం, చావులు, మనుషులను కాల్చడం ఇందులో చాలా ఉన్నాయి. కాబట్టి ఇది ఎనిమిదో తరగతి పిల్లల పుస్తకం కాదు. ఇంటరు దాటి ఇంగ్లీషు చదవగల యువతకు ఇవ్వండి. మొదటి భాగం చదవకుండా రెండోది ఇవ్వకండి, అర్థం కాదు. చదివాక పిల్లలను రెండు ప్రశ్నలు అడగండి. మాలిని రాజ్యం వదులుకుని అడవికి వచ్చి ఉంటే కథ ఏమయ్యేది? యక్షులను అడవి మనిషి రాస్తే ఎలా రాస్తాడు? రెండో ప్రశ్నకు జవాబు మీ పిల్లల్లో ఎవరో ఒకరు కథగా రాస్తే ఈ పుస్తకానికే పంపండి.

మేం మూడో భాగం మొదలుపెట్టాం. నలభై పేజీలైంది. ఈసారి ఏ పిల్ల నోటుబుక్కులోనైనా చీటీ దొరికితే, చదవకుండా మడిచి ఆ పిల్ల చేతికే ఇస్తాం.