అంచు తెలిసిన గైడు

వేముల, పులివెందుల వైపు ఏ శిక్షణకో సదస్సుకో వచ్చినవాళ్లకు ఒక రోజు తీరిక దొరికిందంటే జమ్మలమడుగు మీదుగా గండికోటకు బండి కడతారు. అక్కడ కోటకన్నా ముందు నేను మెచ్చుకునేది గైడును.

మంచి గైడు వాకిట్లోనే చరిత్ర మొదలుపెట్టడు. ముందు చెప్పుల వైపు చూస్తాడు. జారే అట్టలైతే, "సార్, అంచుకు పోవాకండి, నా ఎనకాలే రాండి" అంటాడు. మాధవరాయస్వామి గుడి, జామియా మసీదు, ధాన్యాగారం చూపిస్తాడు. 1652లో ఫ్రెంచి రత్నాల వర్తకుడు టావెర్నియే నగలు పట్టుకొని గోల్కొండ సేనాని మీర్ జుమ్లా కోసం ఇంత దూరం వచ్చాడని చెబుతాడు. పరదేశి అతిథులకు ఈ ముక్క బాగా పడుతుంది.

ఇక పెన్న లోయ. అక్కడికి చేరాక నోరు మూసుకుంటాడు. పేర్చినట్టున్న ఎర్రటి రాతి పొరలు, అడుగున ఏరు. ఐదు నిమిషాలు ఎవరినీ పలకరించడు. నా లెక్కన పనితనమంటే అదే. తేదీలు ఎవడైనా బట్టీ పడతాడు (తప్పులూ పడతాడనుకోండి).

బేరమాడి అతని కూలి తగ్గించకండి. మధ్యాహ్నం సంగటి ఎక్కడ బాగుంటుందో కూడా అతన్నే అడగండి.