నివాళి ఎవరికి, నవ్వు ఎవరి మీద?

ప్రసిద్ధమైన పాత రచనను కొత్త రచన తలచుకోవడం, దాన్ని అనుకరిస్తూ నవ్వించడం సాహిత్య విద్యార్థులకు కొత్త విషయం కాదు. జలసూత్రం రుక్మిణీనాథశాస్త్రి పేరడీలను మనం ఇప్పటికీ చెప్పుకుంటున్నాం. అయితే ఈ ప్రక్రియ ఇవాళ పుస్తకాల్లో కంటే టెలివిజన్‌లో వచ్చే బొమ్మల హాస్య ధారావాహికల్లో, అంటే కార్టూన్లలో ఎక్కువగా బతుకుతున్నది. పాత సినిమాల దృశ్యాలనూ, పేర్లనూ, నటుల హావభావాలనూ అవి విరివిగా వాడుకుంటాయి. దీన్ని మూలానికి అర్పించే నివాళి అంటారు. మన విమర్శ మాత్రం ఇదంతా పిల్లల కాలక్షేపమని పక్కన పెట్టింది. ఆదోనిలో తెలుగు పాఠాలు చెప్పే నాకు దీన్ని పక్కన పెట్టే వీలు లేదు. కారణం ముందు ముందు తెలుస్తుంది.

ఏ నివాళినైనా రెండు ప్రశ్నలతో పరీక్షించాలని నా అభిప్రాయం. మూలం లేవనెత్తిన ప్రశ్నను అది నిలుపుకున్నదా, లేక పైపై గుర్తులను మాత్రమే తీసుకున్నదా? అందులో పుట్టిన నవ్వు ఎవరి మీద పడుతున్నది?

ఈ ప్రక్రియకు ప్రపంచంలో అందరూ చెప్పే ఉదాహరణ అమెరికా ధారావాహిక 'ది సింప్సన్స్'. 1989 డిసెంబరులో మొదలైంది. 1993 అక్టోబరులో వచ్చిన 'రోజ్‌బడ్' అనే భాగం ఆర్సన్ వెల్స్ 1941లో తీసిన 'సిటిజన్ కేన్'కు నివాళి. వెల్స్ సినిమాలో పత్రికాధిపతి కేన్ ప్రపంచంలోని వస్తువులన్నీ కొని పోగేస్తాడు. చనిపోతూ పలికిన ఒక్క మాట మాత్రం చిన్ననాడు తాను ఆడుకున్న మంచుబండి పేరు. ఆ బండి చివరికి పనికిరాని సామానుతోపాటు కొలిమిలో కాలిపోతుంది. సింప్సన్స్‌లో కేన్ స్థానంలో అణువిద్యుత్ కర్మాగార యజమాని బర్న్స్ ఉన్నాడు. అతను పోగొట్టుకున్నది ఒక ఎలుగుబంటి బొమ్మ. అది ఎక్కడెక్కడో తిరిగి ఒక దుకాణంలోని ఐసు సంచిలో తేలి, అతని కర్మాగారంలోనే పనిచేసే హోమర్ ఇంట్లో పసిపిల్ల చేతికి చేరుతుంది. బర్న్స్ లక్షలు ఇస్తానంటాడు, ఊరినంతా బెదిరిస్తాడు. అయినా పసిపిల్ల ఇవ్వదు. చివరికి ముసలివాడి దిగులు చూసి తనంతట తానే ఇస్తుంది.

ఆస్తి మనిషికి ఏం మిగిల్చిందన్న వెల్స్ ప్రశ్న ఇక్కడ పోలేదు. పైగా ఒక అడుగు ముందుకు వేసింది. వెల్స్ సినిమాలో మంచుబండి బూడిదైంది. ఇక్కడ యజమాని కొనలేని వస్తువు కార్మికుడి బిడ్డ చేతిలో ఉంది. నవ్వు యజమాని మీద పడింది. మూల చిత్రం చూడని ప్రేక్షకుడికి కూడా ఇది అర్థమవుతుంది. దీన్ని నేను నిజమైన నివాళి అంటాను. ఈ ధారావాహికను ప్రసారం చేసింది కూడా ఒక పెద్ద పత్రికాధిపతి సంస్థే కదా అని కొందరు మిత్రులు అడగవచ్చు. నిజమే. పెట్టుబడి తన మీద పుట్టిన నవ్వును కూడా అమ్ముకోగలదు. కానీ అమ్మకానికి పెట్టినంత మాత్రాన ఆ నవ్వులోని సత్యం అబద్ధమై పోదు.

ఇప్పుడు ఆ ఐసు సంచి దొరికిన దుకాణం సంగతి చూద్దాం. దాన్ని నడిపేవాడు భారతీయుడు. పేరు అపు. సత్యజిత్ రాయ్ 'పథేర్ పాంచాలి' (1955)తో మొదలైన మూడు చిత్రాల్లోని అపుకు గౌరవంగానే ఆ పేరు పెట్టామని సృష్టికర్త మాట్ గ్రోనింగ్ చెప్పాడు. అంటే ఇదీ నివాళే. ఆ మూడు చిత్రాల్లో మనం చూసిన అపు ఎవరు? అక్కతో కలిసి రెల్లుపూల మధ్య పరుగెత్తి మొదటిసారి రైలును చూసిన పిల్లవాడు. ఆకలినీ చావునూ చూసి, చదువుకుని, తన కన్నకొడుకు ముఖం చూడలేక పారిపోయి, చివరికి ఆ కొడుకునే భుజాన ఎత్తుకున్న మనిషి. కార్టూన్‌లోకి వచ్చేసరికి అతని నుంచి మిగిలింది పేరు ఒక్కటే. దానికి ఎవరూ పలకలేని ఒక ఇంటిపేరును తగిలించారు. హాంక్ అజారియా అనే తెల్లజాతి నటుడు వెక్కిరింపు యాసలో గొంతు ఇచ్చాడు. కంప్యూటర్ శాస్త్రంలో డాక్టరేటు చేసినవాడు కౌంటరు వెనకే ఉండిపోయాడు. న్యాయంగా చెప్పాలంటే, 1996లో వలస వచ్చినవాళ్లను వెళ్లగొట్టే ఉద్యమాన్ని ఎగతాళి చేస్తూ అతని పక్షాన నిలిచిన భాగమూ ఉంది. కథ అతని పక్షాన నిలిచినా, గొంతు అతని మీద నవ్వుతూనే ఉంది.

దీన్ని గట్టిగా నిలదీసినవాడు తెలుగు తల్లిదండ్రులకు న్యూయార్క్‌లో పుట్టిన హాస్యనటుడు హరి కొండబోలు. 2017లో 'ది ప్రాబ్లెమ్ విత్ అపు' అనే డాక్యుమెంటరీ తీశాడు. సింప్సన్స్‌ను ఇష్టంగా చూస్తూ పెరిగినవాడే అతను. బడిలో తనలాంటి పిల్లలను ఏడిపించడానికి ఇతర పిల్లలకు అపు గొంతు ఒక ఆయుధమైందని అతని ఫిర్యాదు. 2018 ఏప్రిల్‌లో ధారావాహిక దీనికి జవాబిస్తూ, దశాబ్దాల కిందట అందరూ మెచ్చినదాన్ని ఇవాళ తప్పంటే ఏం చేయగలం అన్న ధోరణిలో చేతులు దులుపుకుంది. అయినా 2020లో అజారియా ఆ పాత్రకు గొంతు ఇవ్వడం మానుకున్నాడు. 2021లో బహిరంగంగా క్షమాపణ చెప్పాడు. ఒకే ధారావాహిక ఒక చేత్తో వెల్స్‌కు నిజమైన నివాళి ఇచ్చి, మరో చేత్తో రాయ్ పేరును యాస కింద పాతిపెట్టింది. తేడా ఎక్కడుంది? వెల్స్ సినిమాను వాళ్లు లోపలినుంచి ఎరుగుదురు. రాయ్ మనుషులను బయటినుంచి చూశారు.

ఇది అమెరికా జబ్బు మాత్రమే అయితే మనకింత బాధ ఉండేది కాదు. 2012లో మొదలైన హిందీ కార్టూన్ 'మోటూ పత్లూ'లో ఇన్‌స్పెక్టర్ చింగమ్ అనే పాత్ర ఉంది. రజనీకాంత్ పద్ధతిలో విసుర్లు, దక్షిణాదివాళ్లు మాట్లాడతారని ఉత్తరాది ఊహించుకున్న హిందీ. దీన్నీ నివాళి అనవచ్చు. కానీ రజనీకాంత్ విసురు ఎక్కడినుంచి వచ్చింది? బెంగుళూరు బస్సు కండక్టరుగా బతికిన మనిషి తెరమీదకు తెచ్చిన ధీమా అది. 'బాషా' (1995)లో ఆటో నడిపేవాడిని జనం తమవాడనుకున్నది ఆ ధీమా వల్లనే. చింగమ్‌లో ఆ ధీమా పోయి, భంగిమా యాసా మిగిలాయి.

హైదరాబాదులో తయారై 2008 నుంచి దేశమంతా చూసిన 'ఛోటా భీమ్'లో లడ్డూలు అమ్మే లావుపాటి ఆవిడ పేరు టున్‌టున్ మౌసీ. ఆ పేరు వినగానే పాత హిందీ సినిమాల హాస్యనటి టున్‌టున్ గుర్తొస్తుంది. ఆమె అసలు పేరు ఉమాదేవి. హాస్యనటి కాకముందు 1940లలో పేరున్న నేపథ్యగాయని. ఆ గాయనినుంచి కార్టూన్‌కు చేరింది లావు ఒక్కటే.

మన భాషలో దీనికి భిన్నమైన హాస్యం లేక కాదు. కె.వి. రెడ్డి 'మాయాబజార్' (1957)లో పెళ్లి సంబంధం ఎందుకు తప్పింది? పాండవులు ఆస్తి పోగొట్టుకున్నారు గనుక. ఘటోత్కచుడి మాయ అంతా డబ్బు చూసి మాట మార్చిన పెద్దలమీదా, విడిదింట్లో ప్రతిదానికీ వంకలు పెట్టే పెళ్లివారిమీదా విరుచుకుపడిన నవ్వు. తిండిపోతైన బలశాలి బాలుడి బొమ్మ మన కార్టూన్లకు నచ్చింది. కానీ ఛోటా భీముడి బలం ఎక్కువగా రాజుగారి రాజ్యాన్ని కాపాడడానికే ఖర్చవుతుంది. రాజును చూసి నవ్వే పని అతనికి పెట్టలేదు.

ఇక ఆదోని, ఎమ్మిగనూరుల మాట. జిన్నింగ్ మిల్లుల్లో పత్తి ఎత్తేవాళ్ల పిల్లలూ, మగ్గాల ఇళ్ల పిల్లలూ, అమ్మానాన్నలు మిరపకోతలకు గుంటూరు వైపు వలసపోతే అవ్వ దగ్గర ఉండిపోయిన పిల్లలూ ఈ కార్టూన్లనే చూస్తున్నారు. వాళ్లు కేన్‌ను చూడలేదు, రాయ్‌ను చూడలేదు, చాలామంది మాయాబజార్‌నూ చూడలేదు. నకలే వాళ్లకు అసలు. వాళ్లింట్లో తెలుగుంది, పక్కింట్లో కన్నడముంది, వీధిలో ఉర్దూ ఉంది. ఈ మూడూ కలిసిన మాట ఈ నేలమీద ఎంతో సహజం. తెలుగులోకి అనువదించి ప్రసారం చేస్తున్న కార్టూన్లలో నేను విన్నంతవరకు మంచివాడు ఆ మాట మాట్లాడడు. ఇక టీవీ హాస్య కార్యక్రమాలైతే, 'సమరసింహారెడ్డి' (1999) తర్వాత వరుసగా వచ్చిన ఫ్యాక్షన్ సినిమాలను అనుకరిస్తూ తొడలు కొట్టించి, "ఏమప్పా" అనిపించి నవ్విస్తాయి. కరువునూ వలసనూ కత్తుల వెనక దాచిన ఆ సినిమాల అబద్ధాన్ని మాత్రం ప్రశ్నించవు. వాటికి నివాళి ఇస్తాయి, నవ్వును మా మీద పడేస్తాయి. తరగతిలో పాఠం చదవమంటే "యాడికి" అన్న మాట నోటిదాకా వచ్చి మింగేసుకునే పిల్లలు నాకు ప్రతి ఏడూ కనిపిస్తారు. న్యూయార్క్ బడిలో అపు గొంతు విని తలవంచుకున్న పిల్లవాడికీ వీళ్లకూ ఉన్నది దూరం మాత్రమే, తేడా లేదు.

ఈ నేలకు వేరే సంప్రదాయం ఉంది. తోలుబొమ్మలాటలో రామాయణం నడుస్తుండగా కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క మధ్యలో చొరబడతారు. దేవుళ్లు గ్రాంథికం మాట్లాడుతుంటే వీళ్లు ఊరి మాట మాట్లాడతారు. మహాకథను గౌరవిస్తూనే దాని గంభీరతను గిల్లుతారు, ఊరి పెద్దనూ వదలరు. కదిలే బొమ్మలతో ప్రసిద్ధ కథకు హాస్యపు నివాళి అంటే ఇదే కదా. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో ఆ కళాకారుల కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. ఆ హాస్యంలో బూతు ఉంది, బంగారక్కను చులకన చేసే గుణమూ ఉంది. దాన్ని యథాతథంగా నెత్తిన పెట్టుకోమని నేను అనడం లేదు. ఒక్క విషయం గమనించమంటున్నాను. అక్కడ యాస నవ్వులపాలయ్యేవాడిది కాదు, నవ్వేవాడిది. నాగప్పగారి సుందర్రాజు 'మాదిగోడు' కథల్లో పశ్చిమ కర్నూలు మాదిగవాడ భాషకు దక్కిన స్థానమూ ఇటువంటిదే. ఆ భాష అక్కడ కోపాన్నీ, నవ్వునూ, ఆలోచననూ మోసింది.

బొమ్మలు గీసే నైపుణ్యం మనకు కొరవడలేదు. విదేశీ ధారావాహికలకు హైదరాబాదు స్టూడియోలు ఎన్నో ఏళ్లుగా ఆ పని చేసిపెట్టాయి. కొరవడింది కథ, మాట. అవి రచయితల పని. కార్టూన్‌కు రాయడం తక్కువ రచన అనుకున్నంతకాలం ఆ చోటును వ్యాపారమే నింపుతుంది. సాహిత్య విద్యార్థులు పేరడీమీద పరిశోధన చేసేటప్పుడు ఈ ధారావాహికలను కూడా చూడాలి, నేను చెప్పిన రెండు ప్రశ్నలూ వేయాలి. రచయితలు పిల్లల కోసం రాసేటప్పుడు ఎమ్మిగనూరు పిల్ల తన ఇంటి మాటతోనే ఘటోత్కచుడినీ, గుత్తేదారునూ కూడా ఆటపట్టించే కథ ఒక్కటైనా రాయాలి. అటువంటి కథ వచ్చినప్పుడు, మాయాబజార్‌కు మన తరం ఇచ్చిన నివాళి అదేనని నేను ఒప్పుకుంటాను.