వారసత్వ నడక – చరిత్ర కథనం : హైదరాబాదు పాతనగరంపై ఒక పరిశీలన

ప్రవేశిక

పాతనగర వీధుల్లో మార్గదర్శి వెంట బృందంగా నడుస్తూ కట్టడాల చరిత్రను వినడాన్ని వారసత్వ నడక అంటున్నారు. పైకి ఇది పర్యాటక వినోదంగా కనిపిస్తుంది. లోతుగా చూస్తే ఇదొక మౌఖిక చరిత్ర రచన. మార్గదర్శి ఏ కట్టడం దగ్గర ఆగుతాడు, దేనిని దాటిపోతాడు, ఏ కథను ఏ ఆధారంతో చెబుతాడు అన్నవన్నీ చరిత్రకారుడు చేసే ఎంపికల వంటివే. గ్రంథంలోని పొరపాటును సమీక్షకుడు పట్టుకుంటాడు. వీధిలో పలికిన మాటకు అటువంటి పరీక్ష లేదు. చార్మినారు నుంచి చౌమహల్లా వరకు సాగే నడకను ఆధారం చేసుకొని, పరిశోధన ఈ కథనానికి ఏమివ్వగలదో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

ఐతిహ్యం – ఆధారం

చార్మినారు దగ్గర ఎక్కువగా వినిపించే కథ భాగమతిది. యువరాజు మహమ్మద్ కులీ ఆమె కోసం వరదలో మూసీని దాటాడని, తండ్రి ఇబ్రహీం కుతుబ్ షా కలతచెంది పురానాపూల్ కట్టించాడని చెబుతారు. వంతెన నిర్మాణకాలం 1578. మహమ్మద్ కులీ 1580లో సింహాసనమెక్కేనాటికి అతని వయస్సు 15 ఏళ్ల ప్రాంతం. అంటే వంతెన పూర్తయ్యేసరికి అతడు 13 ఏళ్ల బాలుడు. చిన్న లెక్కతో ఈ కథలోని ఒక భాగం నిలవదని తేలుతుంది.

అంతమాత్రాన భాగమతి కల్పితమని తీర్మానించడమూ తొందరపాటే. అక్బరు ఆస్థానకవి ఫైజీ, బీజాపూరు ఆస్థానంలో ఉన్న ఫరిష్తా ఇద్దరూ ఆమెను పేర్కొన్నారు. ఇద్దరూ సమకాలికులే, కాని ఇద్దరూ గోల్కొండకు వెలుపలివారే. 17వ శతాబ్దపు యాత్రికుడు టావెర్నియర్ ‘బాగ్‌నగర్’ను ‘నగర్’ అనే రాణి తోటగా వివరించాడు. హరూన్ ఖాన్ షేర్వాణీ భాగమతి కథను తిరస్కరించగా, నరేంద్ర లూథర్ ఆమె ఉనికిని సమర్థించారు. మార్గదర్శి చేయవలసింది ఈ వివాదాన్ని దాచడం కాదు. కథ ఎవరి కలం నుంచి వచ్చిందో, ఎవరు ఎందుకు కాదన్నారో వినేవారి ముందుంచడం. నగరం పేరు రాజకీయ వివాదంగా మారిన ఈ కాలంలో ఈ జాగ్రత్త పండితుల పట్టింపు మాత్రమే కాదు. అర్ధసత్యంగా చెప్పిన ప్రేమకథ ఒక వర్గానికి ఆయుధంగా, మరొక వర్గానికి అవమానంగా మారగలదు.

కట్టడమే సాక్ష్యం

గ్రంథాలు విభేదించినచోట కట్టడం మాట్లాడుతుంది. చార్మినారు నిర్మాణ సంవత్సరమైన 1591 హిజ్రీ 1000తో కలుస్తుంది. దాని నాలుగు వైపులా కనిపించే గడియారాలు మాత్రం 1889 నాటివి. ఒకే కట్టడంలో కుతుబ్‌షాహీ, ఆసఫ్‌జాహీ కాలాలు రెండూ ఉన్నాయన్నమాట. మక్కామసీదు మరింత స్పష్టమైన ఉదాహరణ. 1617లో మహమ్మద్ కుతుబ్ షా ప్రారంభించిన మసీదును, గోల్కొండ 1687లో పతనమైన తర్వాత, 1694లో ఔరంగజేబు పూర్తి చేయించాడు. ఓడినవారు మొదలుపెట్టినదాన్ని గెలిచినవారు ముగించారు. ఏ రాజునూ ఆకాశానికెత్తకుండా, దుష్టుడిగా చిత్రించకుండా రాజ్యాల మార్పును వివరించడానికి ఈ రాళ్లకు మించిన పాఠం లేదు.

పేరు కూడా ఆధారమే. చార్‌కమాన్‌లలో పడమటి కమాన్‌ను జనం ‘షేర్-ఎ-బాతిల్’ అంటారు. అది మంత్రాన్ని వమ్ముచేసేదని అర్థమిచ్చే ‘సెహర్-ఎ-బాతిల్’ నుంచి మారిన రూపమన్న వివరణ ఉంది. ఇంద్రజాలాన్ని సూచించే మాట జనుల నోట సింహంగా మారింది. అర్థం తెలియని మాటను తెలిసిన మాటవైపు జరుపుకోవడం జనవ్యవహారంలో సహజం. భాషాశాస్త్రం నడకకు ఎంత దగ్గరగా ఉందో ఈ ఒక్క కమాన్ చాటుతుంది.

వినిపించని తెలుగు

ఈ నడకల్లో తెలుగుకు సాధారణంగా చోటు తక్కువ. కుతుబ్‌షాహీల పాలనలో పర్షియన్‌తో పాటు తెలుగులోనూ ఫర్మానాలు వెలువడ్డాయి. ఇబ్రహీం కుతుబ్ షా తెలుగు కవులకు ‘మల్కిభరాముడు’. అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానాన్ని అతనికే అంకితమిచ్చాడు. తొలి అచ్చతెలుగు కావ్యంగా పేరుపొందిన యయాతిచరిత్రను పొన్నికంటి తెలగన పటాన్‌చెరు పాలకుడు అమీన్‌ఖాన్‌కు అంకితం చేశాడు. సాహిత్యాన్ని సాంఘిక చరిత్రకు ఆధారంగా నిలిపిన పద్ధతిని సురవరం ప్రతాపరెడ్డి ఆంధ్రుల సాంఘిక చరిత్ర చూపింది. ఆ పద్ధతిని వీధిలోకి తెస్తే పాతనగరం తెలుగువారికి పరాయి నగరంగా కాక, తమ కవులు కృతిభర్తలను వెతుక్కున్న రాజ్యానికి ముంగిలిగా కనిపిస్తుంది.

పరిమితులు

పరిశోధన ఒక్కటే చాలదు. లాడ్‌బజారులో లక్కగాజులు చేసే కుటుంబాల జ్ఞానం ఏ దస్త్రంలోనూ సంపూర్ణంగా దొరకదు. వారిని చూడవలసిన దృశ్యంగా కాక, అడగవలసిన సాక్షిగా భావించాలి. మరోవైపు, నడక సమయం పరిమితం. ప్రతి ఆధారాన్నీ వివరిస్తే శ్రోతలు అలసిపోతారు. ఆధారాలన్నీ వదిలేస్తే కథ మాత్రమే మిగులుతుంది. ‘ఇది కట్టడం చూపుతున్నది, ఇది సమకాలికులు రాసినది, ఇది తరువాత జనం చెప్పుకున్నది’ అని ప్రతి విషయాన్నీ వేరుచేసి చెప్పడం ఈ రెంటికీ నడుమ సాధ్యమైన మార్గం. మూడు చిన్న వాక్యాల్లో పూర్తయ్యే పని ఇది.

ముగింపు

ఐతిహ్యాన్ని చెరిపివేయడం వారసత్వ నడకకు లక్ష్యం కారాదు. పురానాపూల్ కథ చరిత్రగా నిలవకపోయినా, ఒక నగరం తన పుట్టుకను ప్రేమతో ముడిపెట్టుకోవాలనుకున్న కోరికకు అది ఆధారం. దానిని ఆ స్థానంలో నిలిపినప్పుడు చరిత్రకూ కథకూ రెంటికీ గౌరవం దక్కుతుంది. తెలుగు శాఖలు కావ్యపీఠికలను, ద్విభాషా ఫర్మానాలను, స్థలనామాలను మార్గదర్శులకు అందుబాటులోకి తెస్తే విశ్వవిద్యాలయ పరిశోధన గ్రంథాలయపు గడప దాటుతుంది. ఆ గడప దాటని పరిశోధన ఎంత నిర్దుష్టమైనదైనా, వీధిలో వినిపించే చరిత్రను ఇతరుల చేతికి వదిలేసినట్టే అవుతుంది.