పెరటి పాక, పాత పడక్కుర్చీ

తాడిచెట్టుకు చేవ అంచున ఉంటుంది, టేకుకు నడుమ ఉంటుంది. ముదురు తాడిమానును నిలువునా చీలిస్తే బెరడు వెంబడే నల్లటి ఈనెలతో ఉలికి లొంగని చెక్క, దాని లోపల గోటితో గిల్లితే రాలిపోయే పీచు కనిపిస్తాయి. టేకు దుంగది తలకిందుల లెక్క. బయటి తెల్లచెక్కను చెదలు ఇష్టంగా తింటాయి, లోపలి గోధుమరంగు చెక్క జోలికి రావడానికి జంకుతాయి. కోస్తా ఊళ్ళలో పెరట్లో పాక వేసే పనివాడైనా, ఆ పాకలో మూలన పడి ఉన్న పాత కుర్చీకి కళ తెచ్చే వడ్రంగైనా ముందు చూసేది ఇదే: ఈ చెక్కలో ఉంచుకోవలసింది ఏది, చెక్కి పారేయవలసింది ఏది?

పెరటి పాకంటే పార, గడ్డపార, కొడవళ్ళు, పిడకలు, ఎండుగడ్డి దాచుకునే చోటు. గేదె ఉంటే దానికీ అదే నీడ. కృష్ణా, గోదావరి డెల్టాల్లో పాకకు కావలసిన సామానంతా ఊరు దాటకుండానే దొరికేది. గట్టు మీద తాడిచెట్లు, కాలవ పక్కన వెదురు పొద, చెరువులో మట్టి. ఇప్పుడు అదే పాక హైవే పక్క రిసార్టుల్లోనూ, నగరాల చుట్టూ ఫామ్‌హౌసుల్లోనూ అలంకారంగా లేస్తోంది. చాలాచోట్ల ఇనుప గొట్టాల మీద తాటాకు పరిచి తీగతో లాగి కట్టేస్తున్నారు. చూపుకి పాకే. రెండు వానాకాలాలు పోతే తేడా తెలుస్తుంది.

అసలు పాకకు ముందు గూడు నిలవాలి. నిట్రాళ్ళు పాతి, వాటి పంగల మీదికి వెన్నుగాడి ఎత్తుతారు. వెన్నుగాడి నుంచి చూరు దాకా వాసాలు దిగుతాయి, వాసాల మీద అడ్డంగా పెండెలు కడతారు. తాటి వాసమైతే చేవ భాగాన్నే చీల్చుకుని లోపలి పీచును బాడిసతో చెక్కేస్తారు. నిట్రాడు నేలలోకి దిగే కొసను నిప్పు మీద కాల్చి నల్లబరచడమో, తారు పూయడమో రివాజు. కొయ్య ముందుగా కుళ్ళేది నేల లోతున కాదు, నేలా గాలీ కలిసే జానెడు మేరలో. కుళ్ళు బూజుకు తడీ గాలీ రెండూ కావాలి, అవి సమంగా అందేది అక్కడే. రాతి దిమ్మె మీద నిలబెడితే కుళ్ళు బాధ తగ్గుతుంది గానీ గాలివానకు పట్టు చాలదు. ఏ ఊరి గాలిని బట్టి ఆ ఊరి పద్ధతి.

వెదురు సంగతి వేరు. కొట్టిన వెదురును కొట్టినట్టే కట్టేస్తే కొన్ని నెలల్లో కింద పిండి రాలడం మొదలవుతుంది. అది పుచ్చు పురుగు పని. ఆ పురుగు వచ్చేది వెదురులోని పిండిపదార్థం కోసం. అందుకే గెడలను కొన్ని వారాలు చెరువులో ముంచి, పైన రాళ్ళు పెట్టి ఉంచేవారు. నీళ్ళు కంపు కొడతాయి, కానీ పురుగుకు మేత మిగలదు. ఇప్పుడు బోరాక్స్, బోరిక్ యాసిడ్ కలిపిన నీళ్ళలో నానబెడుతున్నారు. ఇందులో పిండిపదార్థం పోదు, పురుగుకు విషమవుతుంది.

ఆకు కోతలో మొవ్వ చుట్టూ ఉన్న లేత ఆకులను ముట్టుకోరు, ముదురు కమ్మలే దించుతారు. వాటిని ఒకదాని మీద ఒకటి పేర్చి, బరువు పెట్టి అణగనిస్తే ఆరేసరికి మడతలు విప్పుకుని పలకలా చదునవుతాయి. కప్పడం చూరు దగ్గర మొదలై వెన్నుకు చేరుతుంది. పై వరస కింది వరస మీదికి సగానికి పైగా ఎక్కాలి. కట్టుకు తాటిమట్ట నుంచి చీల్చిన నార వాడతారు. నానబెట్టి తడి మీద బిగిస్తే ఆరినకొద్దీ ఇంకా బిగుస్తుంది. మేకు కొడితే ఆకు చీలుతుంది, ఆ చిల్లే నీటికి దారి. వాలు 45 డిగ్రీలకు తగ్గకూడదు, నీటికి ఆకు మీద నిలిచే తీరిక ఇవ్వకూడదు. వాలు తగ్గించి నాలుగు మోపుల ఆకు మిగుల్చుకున్న ఇంటాయన, ఆ మిగిలింది మరుసటి ఏడాది కూలికి పోస్తాడు. ఒద్దికగా కప్పిన తాటాకు మూడు నాలుగేళ్ళు ఆగుతుంది. కొబ్బరాకు అంతకాలం నిలవదు.

ఒకప్పుడు ఇంకా ఎక్కువే ఆగేది. కారణం పొగ. వంట పాకలో పొయ్యి పొగ రోజూ కప్పులోంచి వడపోసినట్టు బయటికి పోయేది. ఆకు కింది వైపు ఆరేది, పురుగు చేరేది కాదు. పశువుల కొట్టంలో దోమలకని సాయంత్రం వేసే వేపాకు పొగ కూడా అదే మేలు చేసేది. పనిముట్ల పాకకు ఆ భాగ్యం లేదు కాబట్టి గాలి ఆడనివ్వడమొక్కటే దారి. కారకుండా ఉంటుందని ఆకు కింద టార్పాలిన్ పరిచేవాళ్ళున్నారు. వాన నీరు ఆగుతుంది, నిజమే. కానీ తడిసిన ఆకు కింది నుంచి ఆరే వీలుండదు, టార్పాలిన్ మీదే మగ్గి కుళ్ళుతుంది.

1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో వేలమంది పోయారు, పాకలు ఆనవాలు లేకుండా కొట్టుకుపోయాయి. ఆ తర్వాతే తీరం పొడుగునా కాంక్రీటు తుపాను షెల్టర్లు లేచాయి. ఉప్పెన ముందు ఏ పాకా నిలవదు. మామూలు గాలివానకు మాత్రం ఉత్తరాంధ్ర తీరంలో చుట్టిల్లు చాలాకాలం జవాబు చెప్పింది. గుండ్రటి మట్టిగోడకు గాలి ఎదురుకొట్టే మూల ఉండదు. వంగితే గాని లోపలికి పోలేనంత కిందికి దిగిన చూరు కిందికి గాలి దూరి కప్పును పైకెత్తదు. చెన్నై దగ్గరి దక్షిణచిత్ర మ్యూజియంలో ఈ తరహా ఇంటిని చూడవచ్చు.

నిప్పు మాట మరవకూడదు. ఎండాకాలం ఒక పాక అంటుకుంటే వీధి వీధే కాలిపోయిన కథలు తీరంలో ఏ ఊరడిగినా చెబుతారు. పెట్రోలు డబ్బా, జనరేటరు పెట్టుకునేవాళ్ళకు తాటాకు పాక తగదు. వాళ్ళు రేకుల షెడ్డు వేసుకోవడమే మంచిది.

ఇక పాకలోని పడక్కుర్చీ. కాకినాడ, విశాఖపట్నాల నుంచి రంగూన్‌కు ఓడలు తిరిగిన రోజుల్లో బర్మా టేకు కోస్తా ఇళ్ళలోకి దూలాలుగా, తలుపులుగా, కుర్చీలుగా వచ్చి చేరింది. ఆరుబయట ఎండకూ వానకూ ఏళ్ళ తరబడి ఉన్న కుర్చీ బూడిదరంగుకు తిరిగితే చాలామంది పని అయిపోయిందనుకుని పొయ్యిలోకి పంపేస్తారు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు చెక్కలోని లిగ్నిన్‌ను విరగ్గొడతాయి, వాన దాన్ని కడిగేస్తుంది, మిగిలిన పీచు రంగే ఆ బూడిదరంగు. ఆ పొర మందం మిల్లీమీటరు కూడా ఉండదు. కనపడని చోట చాకుతో గీకితే తేనెరంగు బయటపడుతుంది. చాకు మొన పిడి దాకా సులువుగా దిగిపోతే మాత్రం ఆ ముక్క మార్చవలసిందే.

కుర్చీ కిర్రుమంటే జబ్బు చెక్కది కాదు, కీళ్ళది. పాత వడ్రంగంలో కుసిని బెజ్జంలో దించి కొయ్య చీల కొట్టేవారు. ఆ చీలను తట్టి తీస్తే కుర్చీ ముక్కలుగా విడివడుతుంది. తోళ్ళూ ఎముకలూ మరిగించి తీసిన పాత జిగురు వేడినీటికి మెత్తబడి ఊడివస్తుంది. శుభ్రం చేసి కొత్త జిగురు, కొత్త చీల వేస్తే ఇంకో తరం కూర్చోవచ్చు. ఇనుప స్క్రూ బిగించి సరిపెడితే టేకులోని టానిన్ ఇనుముతో కలిసి నల్లమరక పడుతుంది. తప్పదంటే ఇత్తడి స్క్రూ వాడాలి. పడిన మరకను పలుచని ఆక్జాలిక్ యాసిడ్‌తో తీసి బాగా కడిగేయాలి.

కుర్చీ మీద పాత రంగు ఉంటే గరుకు కాగితం పట్టే ముందు ఆలోచించాలి. ఇళ్ళకు వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచే అమలైంది. అంతకుముందు వేసిన రంగును పొడిగా గీకితే ఆ దుమ్ము ఇంట్లో పిల్లల ఒంట్లోకి చేరవచ్చు. తడిపి గీకడం, ముక్కుకు మాస్కు, గీకిన చెత్తను మూటగట్టి పారేయడం తప్పనిసరి. తర్వాత ఉప్పుకాగితం ముతకతో మొదలై సన్నానికి వెళ్ళాలి, ఎప్పుడూ ఈనె వెంబడే. అడ్డంగా రుద్దిన గీతలు నూనె తగలగానే పైకి తేలతాయి.

పూతలో రాజు చపడా పాలిష్. మోదుగ, రేగు, కుసుమ చెట్ల కొమ్మల మీద లక్క పురుగు కట్టిన గూళ్ళను కరిగించి పలుచని రేకులుగా చేస్తే అది చపడా. ఆ రేకులను స్పిరిట్‌లో రాత్రంతా నానబెట్టి, వడగట్టి, దూది ఉండను మెత్తని గుడ్డలో చుట్టి, చుట్లు చుట్లుగా పూత మీద పూత వేస్తారు. ఏటికొప్పాకలో అంకుడు కర్ర బొమ్మలకు మెరుపిచ్చేదీ లక్కే. అక్కడ స్పిరిట్ ఉండదు, తిరిగే బొమ్మకు లక్క కడ్డీ ఆనించినప్పుడు రాపిడి వేడికి అది కరిగి అంటుకుంటుంది. చపడా గొప్పతనం మరమ్మతులో ఉంది. కొత్త పూతలోని స్పిరిట్ పాత పూతను కరిగిస్తుంది, రెండూ ఒకటవుతాయి. మచ్చ పడిన చోటొక్కటే బాగుచేసుకోవచ్చు. బలహీనత కూడా తెలిసిందే. నీరు నిలిస్తే తెల్లబడుతుంది, వేడి గ్లాసు పెడితే మచ్చ పడుతుంది. వసారాలోని కుర్చీకి సరే, పెరటి కుర్చీకి పనికిరాదు.

బయట ఉండే చెక్కకు నూనే గతి. కాచిన అవిసె నూనెలో కొంచెం టర్పెంటైన్ కలిపి పలుచగా పట్టించి, కాసేపాగి మిగిలినదంతా తుడిచేయాలి. ఈ తుడవడం దగ్గరే బద్ధకిస్తారు, కుర్చీ నెలల తరబడి జిడ్డోడుతుంది. తుడిచిన గుడ్డలను ముద్దగా చుట్టి మూలన పడేయడం ఇంకా ప్రమాదం. అవిసె నూనె గాలి పీల్చుకుని ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ముద్దలో ఆ వేడికి దారి దొరక్క గుడ్డలు వాటంతట అవే అంటుకుంటాయి. 1991 ఫిబ్రవరిలో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో వన్ మెరిడియన్ ప్లాజా అనే 38 అంతస్తుల భవనం ఇలాంటి గుడ్డల నుంచే అంటుకుంది, ముగ్గురు అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు. గుడ్డలను బయట విడివిడిగా ఆరేయాలి, లేదా నీళ్ళ బకెట్లో వేయాలి. తాటాకు కప్పు కింద ఆ పని చేసేవాళ్ళకు ఇంకా ఎక్కువ చెప్పనక్కర్లేదు.

ఒకసారి వేస్తే చాలు అని కొట్లో అమ్మే పాలియురెథేన్ వార్నిష్ ఇంటి లోపల బల్లకు బాగానే ఉంటుంది. బయట చెక్క వానకు ఉబ్బి ఎండకు కుంచించుకుపోతుంటే ఆ గట్టి పొర ఎక్కడో పగులుతుంది. పగుల్లోంచి దిగిన నీరు పొర కింద చిక్కుకుంటుంది, వార్నిష్ పెళ్ళలుగా లేస్తుంది. అప్పుడు మొత్తం గీకి మళ్ళీ మొదటికి రావాలి. నూనె పూతకు గీకుడు ఉండదు. ఏడాదికోసారి కడిగి, ఆరబెట్టి, పైన మరో పూత వేస్తే సరి.

రెండు పనులకూ కాలం వేరు. ఆకు కప్పడం రోహిణి కార్తె ఎండల్లో, మృగశిర చినుకు పడేలోగా ముగించాలి. నూనె పట్టించడం వానలు వెనకబడి చెక్క లోపలి తడి కూడా పోయాక, సంక్రాంతి దాటిన పొడి రోజుల్లో. కుర్చీని నిలబెట్టే ముందు నాలుగు కాళ్ళ కిందా నూనె పోసిన మూతలు పెట్టి ఒక రాత్రి ఉంచితే మంచిది, చెక్క నీటిని ఎక్కువగా తాగేది కోసిన కొస నుంచే కాబట్టి.