గరికను నాటుకుందాం

మా ధారూర్ వైపు ఇంటి చుట్టూ కలుపు పెరిగితే రెండే మందులు. డబ్బుంటే తాండూరు బండలు పరిపించడం, ఇంకా ఎక్కువుంటే నర్సరీ నుంచి గడ్డి చాపలు తెప్పించడం. బండలు ఎండకు కాలి, పొద్దుగుంకినా సెగ కక్కుతాయి. చాపలు ఎండాకాలం బోరు తగ్గగానే మాడిపోతాయి. నేను మూడోదారి పట్టి, పొలం గెట్టు మీది గరిక తెచ్చాను.

పనికొచ్చిన అక్క నవ్వింది: "చేన్ల మేం పీకి పారేస్తుంటే మీరు నాటుతున్నరా సారూ?" నవ్వదా మరి! గరిక నేల మీద తీగ సాగుతుంది, నేల లోపలా పాకుతుంది, కణుపు కణుపుకూ వేరేస్తుంది. కందిచేనులో రైతును ఏడిపించే ఆ మొండితనమే పచ్చికకు ప్రాణం. బెర్ముడా గడ్డి అని క్రికెట్, గోల్ఫ్ మైదానాల్లో పెంచేది కూడా ఈ జాతే.

అసలు పని నాటడంలో లేదు, అంతకుముందు నేలను శుభ్రం చేయడంలో ఉంది. 1950లలో పుణె దగ్గర కనిపించి దేశమంతా కమ్ముకున్న వయ్యారిభామ ఒక్కో మొక్కకు వేల గింజలు రాలుస్తుంది. అందుకే పూత రాకముందే పీకాలి. ఒంటికి తగిలితే దురద, దద్దుర్లు. చేతికి తొడుగు తప్పదు. తుంగది వేరే కథ. పైన పీకితే ఆకు చేతికొస్తుంది, గడ్డ లోపలే ఉంటుంది. గడ్డపారతో జానెడు లోతు తవ్వి చూస్తే సన్నటి దారం లాంటి వేరుకు నల్లటి గడ్డలు వరుసగా వేలాడుతుంటాయి. వాటిని ఏరి, మిగిలినవి పైకి తేలేలా మట్టి తిరగేసి మే ఎండకు వదిలేయాలి.

తొలకరికి కలుపు మళ్లీ మొలుస్తుంది. మొలవనివ్వాలి. లేతగా ఉండగానే పైపైన చెక్కేయాలి, లోతుకు తవ్వితే అడుగు గింజలు పైకొస్తాయి. ఇలా రెండు విడతలయ్యాక బాగా మాగిన పశువుల ఎరువు కలపాలి. మాగని పెంట వేస్తే దాంతోపాటే కలుపు గింజలూ దిగుతాయి. ఆపైన వాన తడిలో నాలుగేసి వేళ్ల ఎడంగా గరిక కణుపులు నాటాలి. వేపచెట్టు నీడలో మాత్రం గరిక బతకదు, అక్కడ బండే మేలు.

కుదురుకున్నాక రోజూ చిలకరించొద్దు. వేరు లోతుకు దిగేలా ఆగి ఆగి, నిండుగా తడపాలి. కోసేటప్పుడు మూడో వంతుకు మించి కోయొద్దు. గడ్డి దట్టంగా అల్లుకుంటే కలుపు గింజకు వెలుతురు అందదు. మందు కొట్టే పని తగ్గుతుంది.

ఇల్లు కట్టుకునేవాళ్లకు ఒక్క మాట. ఎండాకాలంలో మీ బోరు ఎంత పోస్తుందో చూసుకుని అంతమేరకే పచ్చిక పెంచండి. కంచె వెంట మూరెడు జాగా గునుగుకు, తంగేడుకు వదలండి. బతుకమ్మ పేర్చే నాడు లాన్ గడ్డి తాంబాళంలోకి రాదు.