తెరిచిన కళ్లు, మూసిన కళ్లు

నారా చూడ్డానికి వచ్చేవాళ్లు చాలామంది పట్టే దారి ఒకటే. పార్కులో జింకలకు బిస్కెట్లు పెట్టడం, తోదైజీలో మహాబుద్ధుడికి దణ్ణం పెట్టుకోవడం, చీకటి పడేలోగా క్యోటో రైలెక్కడం. ఊరికి పడమటి పక్కనున్న తోషోదైజీ ఆలయం దాకా పోయేవాళ్లు తక్కువ. అది పెద్ద లోటని నా నమ్మకం. ఈ రెండు ఆలయాలూ ఒకే శతాబ్దంలో, ఒకే రాజధానిలో, ఒకే వైరోచన బుద్ధుడి కోసం పుట్టాయి. ఒకదాని పక్కన ఇంకొకటి పెట్టి చూస్తేనే రెండూ అర్థమవుతాయి.

తోదైజీ వెనక ఒక పెద్ద దుఃఖం ఉంది. 710లో రాజధాని అయిన ఈ నగరాన్ని, దేశాన్ని 735–737 మధ్య మశూచి ఊడ్చేసింది. షోము చక్రవర్తి 743లో మహావిగ్రహం పోయిస్తానని సంకల్పం చెప్పుకున్నాడు. గడ్డిపోచో, పిడికెడు మట్టో తెచ్చి సాయం చేస్తామన్నవాళ్లను కూడా కాదనొద్దని, ఆ పేరు చెప్పి అధికారులు జనాన్ని పీడించొద్దని తన శాసనంలో చెప్పాడు. 752లో నేత్రోన్మీలనం జరిగింది. కుంచె పట్టి బుద్ధుడికి కళ్లు దిద్దినవాడు మన దేశం నుంచి వెళ్లిన బోధిసేనుడు. ఆయనది దక్షిణ భారతమని జపాన్‌లో రాసి ఉంచారు. కుంచెకు పొడవాటి నీలి దారం కట్టారు, కింద చేరినవాళ్లు ఆ దారాన్ని పట్టుకున్నారు. చూపు పోసిన పుణ్యం అందరికీ అందాలని. ఆ కుంచె, ఆ దారం షోసోయిన్ భాండాగారంలో నేటికీ భద్రంగా ఉన్నాయి.

సరిగ్గా ఆ రోజుల్లోనే చైనాలో మరొకాయన చూపు పోగొట్టుకున్నాడు. యాంగ్‌జౌకు చెందిన గంజిన్ భిక్షువును జపాన్ రమ్మని 742లో ఆహ్వానించారు. భిక్షువులకు శాస్త్రోక్తంగా దీక్ష ఇచ్చే గురువులు అక్కడ లేరు. ఆయన ఐదుసార్లు బయలుదేరాడు. తుఫాన్లు, అధికారుల అడ్డంకులు, శిష్యుల మరణాలు ఐదుసార్లూ వెనక్కి నెట్టాయి. ఆ యాతనలోనే కళ్లు పోయాయని ఆయన చరిత్ర చెబుతుంది. ఆరోసారి, 753 చివర్లో, జపాన్ తీరం చేరాడు. 759లో తోషోదైజీ నెలకొల్పాడు, 763లో కన్నుమూశాడు.

ఇప్పుడు రెండు చోట్లా స్తంభాల దగ్గర నిలబడి చూడండి. తోదైజీ మందిరం 1180లో, 1567లో యుద్ధాల్లో కాలిపోయింది. ఇప్పుడున్నది 1709 నాటిది. మొదటి మందిరం వెడల్పు 86 మీటర్లు, దీనిది 57. అంత పెద్ద మానులు అప్పటికి దొరక్కపోవడంతో చెక్కలు చుట్టూ పేర్చి, ఇనుప పట్టీలు బిగించి స్తంభాలు నిలబెట్టారు. ఆ పట్టీలు కంటికి కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. ఒక స్తంభం మొదట్లో బుద్ధుడి ముక్కురంధ్రమంత కంత ఉంది. పిల్లలు బోర్లా పడుకుని, భుజం ముందుకు తోసి, అటు తేలి నవ్వుతారు. బుద్ధుడి శిరస్సు కూడా 1690లో మళ్లీ పోసిందే. ఎనిమిదో శతాబ్దపు చేతిపని చూడాలంటే పద్మపీఠం రేకుల మీది సన్నని గీతల్లో వెతకాలి. ముఖం బరువుగా, మొండెంతో పొసగనట్టు ఉందనే మాట నేనూ ఒప్పుకుంటాను. అయినా అతుకులు దాచని ఆ మందిరంలోనే షోము సంకల్పం నిలిచింది. కాలిన ప్రతిసారీ జనం మళ్లీ కూడారు, మళ్లీ కట్టారు.

తోషోదైజీ స్వర్ణమందిరం ముందు వరసలో ఎనిమిది స్తంభాలు. ఇనుము లేదు, రంగు వెలిసిపోయింది. అరచేయి ఆనిస్తే ఎండకీ వానకీ తేలిన చెక్క నరాలు తగులుతాయి. కలప వయసు లెక్క కడితే దాన్ని నరికింది 781లో అని తేలింది. అంటే గంజిన్ ఈ మందిరంలో అడుగే పెట్టలేదు, శిష్యులు పూర్తి చేశారు. కప్పు తరవాతి కాలంలో ఎత్తు పెరిగింది, 2000–2009 మధ్య అంతా విప్పి మరమ్మతు చేశారు. కానీ నారా కాలపు కొయ్య అదే.

తోదైజీ బుద్ధుడి ఎత్తు సుమారు 15 మీటర్లు. తోషోదైజీలోని గంజిన్ ప్రతిమ ఎత్తు సుమారు 80 సెంటీమీటర్లు. ఆచార్యుడి అవసాన కాలంలో శిష్యులు గుడ్డ మీద లక్క పూసి చేసుకున్న రూపం అది. జూన్‌లో కొద్ది రోజులే దర్శనమిస్తుంది, తక్కిన రోజుల్లో దాని నకలును చూడొచ్చు. రెప్పలు వాలి ఉంటాయి, పెదవుల మీద అలసట లేదు. మహాబుద్ధుడి ముందు తల ఎత్తి చూస్తాం, ఈయన ముందు మనకు తెలియకుండానే గొంతు తగ్గిస్తాం. శిల్పంగా తూచితే నా ఓటు ఈ చిన్న ప్రతిమకే.

ఆరుబయళ్లలోనూ ఇదే తేడా. నారా పార్కుకు గోడల్లేవు. కసుగ ఆలయ దేవుడి దూతలుగా పూజలందుకుని, 1957లో సహజ స్మారకాలుగా గుర్తింపు పొందిన జింకలు వెయ్యికి పైగా తిరుగుతుంటాయి. తవుడు, గోధుమపిండి కలిపి చేసిన బిస్కెట్టు చూపిస్తే తల వంచి వందనం చేస్తాయి. గడ్డిపోచ తెచ్చినవాణ్ణి కూడా రమ్మన్న ఆలయం ముందు ఈ సందడి ఉండాల్సిందే. తోషోదైజీలో గంజిన్ సమాధి దగ్గర నాచు పరుచుకున్న నేల, చెట్ల నీడ, మన అడుగుల చప్పుడు. అంతే.

ఈ రెండు దారులూ కలిసిన రోజు ఒకటుంది. 754లో గంజిన్‌ను తోదైజీకి తీసుకొచ్చారు. మహాబుద్ధుడికి కళ్లు దిద్ది రెండేళ్లయింది. ఆ కళ్ల ఎదుటే వేదిక కట్టి, షోముకూ, వందలమందికీ ఆ అంధ భిక్షువు దీక్ష ఇచ్చాడు. కంచుతో బుద్ధుణ్ణి పోసుకున్న రాజ్యం, బుద్ధుడి నడవడి నేర్పమని ఆయన ముందు మోకరిల్లింది. తన వెనకున్న విగ్రహం ఎంత పెద్దదో ఆయనకు కనిపించలేదు. అందుకే మహాబుద్ధుణ్ణి చూసినవాళ్లు, ఆ సాయంత్రం క్యోటో రైలు మానుకుని, పడమటి నిషినోక్యో స్టేషన్‌లో దిగమని అడుగుతున్నాను.