ఉత్తరాలకు వైద్యం

టెక్సస్ వైద్యుడు ఆష్బెల్ స్మిత్ 1839లో గాల్వెస్టన్‌లో పచ్చజ్వరం రోగులకు వైద్యం చేసి, ఆ అనుభవాన్ని పుస్తకంగా రాశాడు. 1862లో అమెరికా అంతర్యుద్ధంలో, షైలో పోరులో గాయపడ్డాడు. 1881లో టెక్సస్ విశ్వవిద్యాలయ పాలకమండలికి తొలి అధ్యక్షుడయ్యాడు. ఆయన కాగితాలు ఆస్టిన్‌లో ఆ విశ్వవిద్యాలయం దగ్గరే ఉన్నాయి. బానిసల చేత తోట సాగు చేయించినవాడూ ఆయనే. ఆ సంగతి దాచకూడదు.

నా నమస్కారం మాత్రం ఇలాంటి కాగితాలకు మరమ్మతు చేసి బతికించేవాళ్లకు. ఆ కాలపు సిరా మాచికాయ, అన్నభేది, తుమ్మబంకలతో చేసింది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ సిరాయే కాగితాన్ని తినేస్తుంది. సిరా చిక్కగా పడ్డ చోట అక్షరం ఊడిపోయి కన్నం మిగులుతుంది. నీళ్లు తగిలితే సిరాలోని ఇనుము చుట్టూ పాకి చేటు పెంచుతుంది. అందుకే ముందుగా జెలటిన్ పూసి ఆరబెట్టిన జపాన్ కాగితాన్ని సన్నగా చీల్చి, దానికి చెమ్మ చూపించీ చూపించనట్టు చూపించి, పగులు మీద పరుస్తారు. వెనక రాత దాని గుండా చదవగలిగేంత పలుచన! ఎంత ఓపికో! అతికించినదాన్ని రేపు ఇంకొకరు విప్పగలగాలి కూడా.

1845 దాకా అమెరికాలో తపాలా రుసుం కాగితాల లెక్కన ఉండేది. కవరు పెడితే అదీ లెక్కలోకి వచ్చేది. అందుకే ఉత్తరాన్నే మడిచి ముద్ర వేసి పంపేవారు. విప్పేటప్పుడు ముద్ర దగ్గర కాస్త చిరిగేది. మంచి పనివాళ్లు ఆ చిరుగును కొత్తదానిలా పూడ్చేయరు. ఉత్తరం అందుకున్న మనిషి తొందర అందులో ఉంది.